పారవేయని నల్లమడ్డి – విలియం హెన్రీ పెర్కిన్ జీవితము

రసాయన ప్రయోగశాలలో అడుగుపెట్టిన విద్యార్థులందరును ఒక చిన్న పరీక్షను ఎరుగుదురు. నీటిలో పలుచగా కరగించిన ఫినాలునకు తటస్థమైన ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమును ఒకటి రెండు చుక్కలు చేర్చినంతనే, అంతవరకు నీటివలె నిర్మలముగా నున్న పరీక్షనాళికలో ఊదారంగు వ్యాపించును. విద్యార్థి ఫినాలు ఉన్నదని నోటుపుస్తకమున వ్రాసికొని, నాళికను కడిగి, తరువాతి పరీక్షకు పోవును. ఆ రంగు వంక మరల చూచువారు అరుదు. సుమారు 170 ఏండ్ల క్రిందట లండను నగరమున ఒక విద్యార్థి, వేరొక పదార్థమునుండి తన గాజుపాత్రలో పుట్టిన ఊదారంగును మరల చూచినాడు. కడిగి పారవేయలేదు. ఆ ఒక్క చూపువలన లోకములోని వస్త్రముల రంగు మారినది; కొన్ని దేశములలో పంటలు మారినవి; రసాయన శాస్త్రము పాఠశాలనుండి కర్మాగారమునకు నడచినది. ఆ విద్యార్థి పేరు విలియం హెన్రీ పెర్కిన్. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరములు.

పెర్కిన్ 1838 మార్చి 12వ తేదీన లండను తూర్పు భాగమున షాడ్వెల్ అను పేటలో జన్మించినాడు. తండ్రి జార్జి పెర్కిన్ ఇండ్లు కట్టించు వృత్తిలో నుండినాడు. ఏడుగురు బిడ్డలలో విలియం కడగొట్టువాడు. కుమారుడు భవనశిల్పి కావలెనని తండ్రి కోరిక. బాలునకు బొమ్మలు గీయుట, యంత్రముల నిర్మాణము చూచుట ఇష్టమే. కాని పదుమూడేండ్లు నిండకమునుపే ఒక మిత్రుడు సోడా, పటిక వంటి లవణముల ద్రావణములనుండి స్ఫటికములు ఏర్పడుటను అతనికి చూపినాడు. నిరాకారమైన నీటినుండి ఇంత చక్కని ఆకారములు తమంతట తామే ఎట్లు ఏర్పడుచున్నవా అని బాలుడు విస్మయము చెందినాడు. ఆ విస్మయమే అతని జీవితమునకు దారి చూపినది.

సిటీ ఆఫ్ లండన్ పాఠశాలలో రసాయన శాస్త్రము ఆనాడు ముఖ్య పాఠ్యాంశము కాదు. థామస్ హాల్ అను ఉపాధ్యాయుడు మధ్యాహ్న భోజన విరామమున, వారమునకు రెండు పర్యాయములు, ఆసక్తి గలవారికి ఆ శాస్త్రమును బోధించెడివాడు. పెర్కిన్ భోజనము మాని ఆ పాఠములకు పోయెడివాడు. కొలది కాలములోనే ప్రయోగములకు కావలసిన పరికరములు సిద్ధపరచు పని హాల్ అతనికి అప్పగించినాడు. ఆ ఉపాధ్యాయుని ప్రోత్సాహముతోనే బాలుడు మైకేల్ ఫారడే మహాశయునకు ఉత్తరము వ్రాసి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఇచ్చు ఉపన్యాసములు వినుటకు అనుమతి పొందినాడు. అంతటితో ఆగక హాల్ పెర్కిన్ తండ్రిని పలుమారులు కలిసికొని, కుమారుని రసాయన శాస్త్రమునకు విడిచిపెట్టుడని నచ్చజెప్పినాడు. తండ్రి తన కోరికను చంపుకొని ఒప్పుకొన్నాడు. పెర్కిన్ కీర్తిని చెప్పుకొనునపుడు, భోజనవేళను శిష్యులకు ధారపోసిన ఈ ఉపాధ్యాయుని మరువరాదు.

1853లో, పదునైదవ యేట, పెర్కిన్ రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో చేరినాడు. అచ్చట ఆచార్యుడు ఆగస్టు విల్‌హెల్మ్ హాఫ్‌మన్. జర్మనీలో లీబిగ్ మహాశయుని శిష్యుడు. హాఫ్‌మన్‌కు రాతిబొగ్గు తారుపై ఎడతెగని మక్కువ. ఆ కాలమున నగరములలో దీపములకు బొగ్గునుండి గ్యాసు తీసెడివారు. గ్యాసుతోపాటు వచ్చు నల్లని, దుర్వాసన గల తారును ఏమి చేయవలెనో తోచక గ్యాసు కంపెనీలవారు బాధపడెడివారు. ఆ మురికిలో నిధులు దాగియున్నవని రసాయనజ్ఞులు అప్పటికే గ్రహించియుండిరి. 1834లో జర్మను శాస్త్రజ్ఞుడు రుంగే దానినుండి రెండు ముఖ్య పదార్థములు వేరుచేసినాడు. ఒకటి కార్బాలిక్ ఆమ్లము. మనము ఫినాలు అనునది అదియే. రెండవది అనిలీను. ఒకే బెంజీను వలయమునకు ఆమ్లజని-ఉదజని జంట తగిలినచో ఫినాలు. ఆ స్థానమున నత్రజని-ఉదజనుల జట్టు తగిలినచో అనిలీను. ఫినాలునకు ఆమ్లగుణము, అనిలీనుకు క్షారగుణము. ఒకే తల్లి బిడ్డలైనను స్వభావములు వేరు.

తారుతో పని సుఖమైనది కాదు. హాఫ్‌మన్ శిష్యుడే అయిన చార్లెస్ మాన్స్‌ఫీల్డు దానినుండి బెంజీను వేరుచేయు మార్గము కనుగొనినాడు. 1855లో బట్టీ మండి, ఆ గాయములతోనే మరణించినాడు. ఆ పదార్థములనే చేతబట్టి పెర్కిన్ తన పరిశోధన ప్రారంభించినాడు. గురువు మొదట ఇచ్చిన పని తారులోని ఆంత్రసీను అను ఘనపదార్థమును గూర్చినది. ఎంత శ్రమించినను ఫలితము కుదరలేదు. ఆ నాటికి ఆంత్రసీనునకు అందరు అంగీకరించిన అణుసూత్రమే తప్పు. కావున లెక్క సరిపోలేదు. ఇది విద్యార్థికి మొదటి పరాజయము. ఈ పరాజయమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. కథలో ఇది మరల వచ్చును. తరువాత ఇచ్చిన వేరొక పరిశోధనను పెర్కిన్ చక్కగా నెరవేర్చినాడు. పదునేడవ యేటనే హాఫ్‌మన్ అతనిని తన సహాయకునిగా గైకొన్నాడు.

హాఫ్‌మన్ మనస్సున ఒక పెద్ద ఆశ యుండెను. అది క్వినైనును ప్రయోగశాలలో తయారుచేయుట. మలేరియా జ్వరము ఆనాడు ఉష్ణదేశములలో లక్షల ప్రాణములను హరించుచుండెడిది. దానికి మందు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా చెట్టు బెరడు ఒక్కటే. బెరడులోని సారమైన క్వినైనును 1820లో ఫ్రెంచి రసాయనజ్ఞులు పెల్లెటియే, కవాంటు వేరుచేసినారు. అందులో ఏ మూలకములు ఎన్ని పాళ్ళు కలవో తెలియును. అవి ఏ వరుసలో అమరియున్నవో తెలియదు. క్వినైను అణువులో 20 కర్బన పరమాణువులు, 24 ఉదజని పరమాణువులు, రెండు నత్రజని, రెండు ఆమ్లజని పరమాణువులు కలవు.

పెర్కిన్ చేసిన లెక్క ఇట్టిది. తారునుండి తయారగు అలైల్ టోలుయిడీను అను పదార్థమున 10 కర్బనములు, 13 ఉదజనులు, ఒక నత్రజని కలవు. అట్టివి రెండు చేర్చిన 20 కర్బనములు, 26 ఉదజనులు, రెండు నత్రజనులు అగును. దానికి మూడు ఆమ్లజని పరమాణువులు కలిపి, ఒక నీటి అణువును తొలగించినచో మిగులునది సరిగా క్వినైను సూత్రమే. లెక్క నిర్దుష్టము, ఊహ మాత్రము తప్పు. ‘రమ’లోని అక్షరములే ‘మర’లోను ఉన్నవి, అంతమాత్రమున రమ మర కాదు. అణువులోను అంతే. పరమాణువుల సంఖ్య చాలదు, అమరిక కావలెను. ఆ అమరికను గూర్చిన సిద్ధాంతము ఇంకను పుట్టని రోజులవి. కావున ఆ బాలుని తప్పు అతని ఒక్కని తప్పు కాదు, ఆనాటి శాస్త్రముదే.

1856 ఈస్టరు సెలవులలో హాఫ్‌మన్ జర్మనీకి పోయినాడు. పెర్కిన్ తన ఇంటి పై అంతస్తులో అమర్చుకొన్న చిన్న ప్రయోగశాలలో ఆ ప్రయత్నము సాగించినాడు. అలైల్ టోలుయిడీను లవణమును పొటాసియం డైక్రోమేటుతో ఆక్సీకరణము గావించినాడు. తెల్లని క్వినైను స్ఫటికములకు మారుగా ఎర్రని గోధుమవర్ణపు మడ్డి ఏర్పడినది. ఇచ్చట చాలమంది విద్యార్థులు పాత్రను కడిగియుందురు. పెర్కిన్ అట్లు చేయక, ఇట్లేల జరిగినదని ప్రశ్నించుకొన్నాడు. ఇంతకంటె సరళమైన పదార్థముతో ఇదే చర్య జరిపి చూడవలెనని తలచి, అనిలీను సల్ఫేటును తీసికొన్నాడు. ఈ పర్యాయము వచ్చినది మరింత నిరుత్సాహకరమైన నల్లమడ్డి. దానిని వడియగట్టి, ఎండబెట్టి, మద్యసారములో కరగించి చూచినాడు. గాజుపాత్రలో చక్కని ఊదారంగు మెరసినది.

ఇందులో అదృష్టము పాలు కూడ కలదు. పెర్కిన్ వాడిన అనిలీను శుద్ధమైనది కాదు. అందులో టోలుయిడీనులు కలిసియుండెను. ఆ కల్మషము లేకున్న ఆ రంగు ఏర్పడియుండదు. ఆ రంగు అణువుల నిజమైన అమరిక 1994లో గాని తేలలేదు. అయినను అదృష్టము మడ్డిని ఇచ్చినది గాని, మడ్డిలోని రంగును చూచు కన్నును ఇయ్యలేదు. పెర్కిన్ ఒక పట్టుగుడ్డ ముక్కను ఆ ద్రావణములో ముంచినాడు. రంగు పట్టినది. సబ్బుతో ఉదికినను పోలేదు. ఎండలో ఉంచినను వెలిసిపోలేదు.

అన్న థామస్, మిత్రుడు ఆర్థర్ చర్చి అతనికి తోడుపడినారు. రంగు వేసిన పట్టు నమూనాను స్కాట్లండులోని పెర్తు నగరమున అద్దకపు పని చేయు పుల్లర్లకు పంపినారు. వస్తువుల వెలను మితిమీరి పెంచనిచో ఇది చాలకాలమునకు దొరికిన విలువైన రంగు కాగలదని వారు 1856 జూన్‌లో ప్రత్యుత్తరము వ్రాసినారు. ఆ ఆగస్టు 26వ తేదీన పెర్కిన్ పేరిట పేటెంటు నమోదైనది.

ఇప్పుడు అసలు పరీక్ష వచ్చినది. కళాశాలను విడిచి కర్మాగారము స్థాపింపవలెనని శిష్యుడు చెప్పగా హాఫ్‌మన్ సంతోషింపలేదు. శాస్త్రమార్గమును విడిచి వ్యాపారమునకు పోవుట ఆయనకు నచ్చలేదు. ఇకమీదట పరిశోధనకు తిలోదకములు ఇచ్చినట్లే అగునేమో యని పెర్కిన్ కూడ జంకినాడు. ఎట్టి పరిస్థితిలోను పరిశోధన మానరాదని తనకు తాను నియమము విధించుకొని కళాశాలనుండి వెలుపలికి వచ్చినాడు. ఒకనాడు రసాయన శాస్త్రమునకు అంగీకరింపని తండ్రియే తాను కూడబెట్టిన ధనములో అధికభాగమును కుమారుని చేతిలో పెట్టినాడు. గురువు కాదన్నాడు, తండ్రి ఔనన్నాడు. విఫలమైనచో కుటుంబమంతయు నష్టపోవలసి వచ్చును.

లండను సమీపమున గ్రీన్‌ఫర్డ్ గ్రీన్ అనుచోట, కాలువ ఒడ్డున, 1857 జూన్‌లో కర్మాగార నిర్మాణము మొదలైనది. పరీక్షనాళికలోని పనిని పీపాలలో చేయుట సులభము కాదు. బెంజీను కావలెను, దానిని నైట్రో బెంజీనుగా మార్చవలెను, దానిని ఇనుపరజనుతో అనిలీనుగా మార్చవలెను. తగినంత గాఢమైన నత్రికామ్లము బజారులో దొరకలేదు. పెర్కిన్ చిలీ దేశపు సురేకారమును, గంధకికామ్లమును కలిపి పని నడిపించినాడు. ప్రేలుడు ప్రమాదము ఎప్పుడును పొంచియే యుండెను. యంత్రములు సైతము తామే రూపొందించుకోవలసి వచ్చినది. అయినను ఆరునెలలలోపల రంగు లండను అద్దకశాలకు చేరినది.

పట్టుకు పట్టిన రంగు నూలుకు పట్టలేదు. దీనికి మార్గము టానిను అను పదార్థమున దొరికినది. టానిను ఫినాలు వర్గమునకు చెందినదే; దాని అణువులో వలయములకు ఆమ్లజని-ఉదజని జంటలు అనేకములు తగిలియుండును. నూలును ముందుగా టానినుతో సంస్కరించినచో ఊదారంగు గట్టిగా నిలిచినది. మన బందరు కలంకారీ పనివారు నూలుగుడ్డను కరక్కాయ రసములో నానబెట్టుట ఎరిగినవారికి ఈ కిటుకు క్రొత్తది కాదు. కరక్కాయలోని వగరు టానినుదే. ఇంగ్లండు పరిశోధకుడు కష్టపడి కనుగొన్న ఉపాయమునకు చుట్టమైనదానిని మన అద్దకపువారు తరతరములుగా చేతితో ఎరిగియుండిరి; కారణమును మాత్రము రసాయన శాస్త్రము తరువాత చెప్పినది.

ఫ్రాన్సు దేశమున ఆ రంగునకు ఒక పూవు పేరిట మావ్ అని పేరు పెట్టినారు. 1858 జనవరిలో విక్టోరియా రాణి తన కుమార్తె వివాహమునకు ఆ వన్నె ఉడుపు ధరించినది. అంతకుముందు ఊదారంగు ధనికులకే దక్కెడిది. ఇప్పుడది వీధిలోనికి దిగినది. ఫ్రాన్సులోను, జర్మనీలోను అనిలీనునుండి క్రొత్త రంగులు ఒకదానివెంట ఒకటి పుట్టినవి. శిష్యుని నిష్క్రమణకు నొచ్చుకొన్న హాఫ్‌మన్ సైతము క్రొత్త ఊదారంగులు కనుగొన్నాడు. గురుశిష్యుల స్నేహము తెగిపోలేదు.

కర్మాగారము నడుపుచున్నను పెర్కిన్ తన నియమమును తప్పలేదు. 1868లో ఆయన చేసిన ఒక ప్రయోగము నేటికిని కళాశాల పాఠ్యగ్రంథములలో ఆయన పేరిట నిలిచియున్నది. సాలిసిల్ ఆల్డిహైడు అను ఫినాలు జాతి పదార్థమును తీసికొని, దాని సోడియం లవణమును అసిటిక్ అన్‌హైడ్రైడుతో వేడిచేయగా, క్రొత్తగా కోసిన గడ్డి పరిమళము గల కౌమారిను లభించినది. ఇది టోంకా గింజలలో ప్రకృతి దాచిన సుగంధము. దుర్గంధపు తారు జాతివారినుండి సువాసనను పుట్టించిన తొలి విజయములలో ఇది ఒకటి. తరువాత బెంజాల్డిహైడుతో ఇట్టి చర్యనే జరిపి సిన్నమిక్ ఆమ్లమును తయారుచేసినారు. విద్యార్థులు పెర్కిన్ చర్య అని వల్లెవేయునది దీనినే.

ఇక మొదటి పరాజయము తిరిగి వచ్చిన ఘట్టము. ఎర్రరంగునకు ఐరోపాలో మంజిష్ఠ జాతి మొక్క వేరును వాడెడివారు. అందలి రంగు పదార్థము అలిజరిను. అది ఆంత్రసీనునుండి వచ్చినదని 1868లో జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్మన్ నిరూపించినారు. కాని వారి మార్గమున బ్రోమిను కావలెను. అది మిక్కిలి ప్రియమైనది. ఆంత్రసీను అను పేరు వినగానే పెర్కిన్‌కు తన పదునైదు పదునారేండ్ల నాటి విఫల ప్రయత్నము గుర్తుకు వచ్చియుండవచ్చును. ఆ పదార్థమును చేతితో ఎరిగినవారు ఆనాడు ఇంగ్లండులో ఎందరో లేరు. ఆయన ఆంత్రక్వినోనును గంధకికామ్లముతో చర్య నొందించి, వచ్చిన సల్ఫోనికామ్లమును కాస్టిక్ సోడాతో కరగించి అలిజరినును పొందినారు. బెంజీను సల్ఫోనికామ్లమును కాస్టిక్ సోడాతో కరగించి ఫినాలు తయారుచేయుట మన విద్యార్థులు చదువుదురు. ఈ మార్గము దానికి సోదరి. అలిజరిను కూడ ఫినాలు బంధువే. దాని అంచు వలయమున ఆమ్లజని-ఉదజని జంటలు రెండు ప్రక్కప్రక్కన ఉండును; అవియే పటికలోని అల్యూమినియమును పట్టుకొని గుడ్డపై ఎర్రదనమును నిలుపును.

జర్మనులు 1869 జూన్ 25వ తేదీన ఇంగ్లండులో పేటెంటు కోరినారు. పెర్కిన్ జూన్ 26న కోరినారు. ఎడము ఒక్క దినము. ఉభయులును కలహింపక విపణిని పంచుకొన్నారు. పెర్కిన్ కర్మాగారము ఆ యేడు ఒక టన్ను, 1870లో 40 టన్నులు, 1871లో 220 టన్నులు అలిజరిను తయారుచేసినది.

ఈ విజయమునకు మరొక ముఖము కలదు. కర్మాగారపు ఎరుపు చౌక కాగానే దక్షిణ ఫ్రాన్సులో మంజిష్ఠ పొలములు పాడుపడినవి. మన తీరమునను ఆ దెబ్బ తగిలినది. బందరు అద్దకములకు వన్నె తెచ్చినది చిరువేరు; ఇసుక నేలలలో పెరుగు చిన్న మొక్క వేరు అది. అందులోని రంగు కూడ అలిజరినే. క్రొత్త రంగు రాకతో చిరువేరు త్రవ్వువారికి, అమ్మువారికి గిరాకి తగ్గినది. ఎవ్వరును వారికి కీడు తలపెట్టలేదు. అయినను కీడు జరిగినది. చరిత్ర చేసిన చిత్రమేమనగా, పెర్కిన్ కుమారుడు ఆర్థర్ జార్జి పెర్కిన్ తరువాత ప్రకృతి వర్ణద్రవ్యముల పరిశోధకుడై, 1893లో హమ్మెల్ అను శాస్త్రజ్ఞునితో కలిసి మన చిరువేరునే పరీక్షించి అందలి పదార్థములను వివరించినాడు. తండ్రి వెనుకకు నెట్టిన వేరును కుమారుడు శాస్త్రగ్రంథమున పదిలపరచినాడు.

1874లో, ముప్పదియారవ యేట, ధనము ఇంకను ముమ్మరముగా వచ్చుచుండగనే పెర్కిన్ కర్మాగారమును అమ్మివేసినారు. జర్మనీలో కర్మాగారములు విశ్వవిద్యాలయ పట్టభద్రులైన రసాయనజ్ఞులను పెద్దసంఖ్యలో నియమించుకొనుచుండెను. ఇంగ్లండులో అట్టివారు చాలినంతమంది దొరకలేదు. రంగుల పరిశ్రమ ఇంగ్లండున పుట్టి జర్మనీలో పెరిగినది. 1914లో యుద్ధము వచ్చునాటికి ఇంగ్లండు తన రంగులలో చాలభాగమునకు జర్మనీపైనే ఆధారపడియుండెను. చదువును పోషింపని దేశము తన బిడ్డ కనుగొన్న సంపదను సైతము నిలుపుకొనలేదనుటకు ఇదియొక నిదర్శనము.

మిగిలిన ముప్పదిమూడేండ్లు ఆయన పాత ఇంటినే ప్రయోగశాలగా మార్చుకొని, అయస్కాంత క్షేత్రమున పదార్థములు కాంతిని త్రిప్పు రీతిని పరిశోధించినారు. యౌవనమున తనకు తాను ఇచ్చుకొన్న మాటను ముదిమిలో నిలుపుకొన్నారు. 1906లో ఊదారంగు స్వర్ణోత్సవమును అనేక దేశముల శాస్త్రజ్ఞులు జరిపినారు. ప్రభుత్వము ‘సర్’ బిరుద మిచ్చినది. అమెరికా రసాయనజ్ఞులు ఆయన పేరిట పతకము నెలకొల్పి మొదటిదానిని ఆయనకే సమర్పించినారు. 1907 జూలై 14వ తేదీన పెర్కిన్ దివంగతులైనారు. ముగ్గురు కుమారులును రసాయనజ్ఞులే.

క్వినైను మాట ఏమైనది? 1944లో అమెరికాలో వుడ్‌వర్డ్, డోరింగ్ దాని సంశ్లేషణమునకు త్రోవ వేయువరకు అది చిక్కలేదు. కాని పెర్కిన్ తెరచిన ద్వారమున వచ్చిన రంగులే మందులకు దారితీసినవి. తారు రంగులతో సూక్ష్మజీవులను వర్ణరంజితము గావించి కోహ్ వంటివారు వాటిని కనుగొన్నారు. 1891లో ఎర్లిక్, గుట్‌మన్ మిథిలీన్ బ్లూ అను రంగును మలేరియా రోగులకు మందుగా ఇచ్చి చూచినారు. 1897లో మన సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని పట్టుకొన్నాడు. మలేరియా మందు వెదకబోయిన బాలునకు రంగు దొరికినది. ఆ రంగుల జాతినుండియే మరల మలేరియాకు మందు వెదకబడినది.

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో ఫెర్రిక్ క్లోరైడు పరీక్ష చేయించునపుడు ఈ కథను ఒకమారు చెప్పుట మంచిది. అనుకొన్న ఫలితము రానప్పుడు విద్యార్థి మొదట సిగ్గుపడును. పిమ్మట ప్రక్కవాని పుస్తకము చూచి సరియైన జవాబు వ్రాసికొనును. ఆ నల్లమడ్డి పంపులోనికి పోవును. అన్ని మడ్డులలోను రంగు ఉండదు, నిజమే. అయినను ఏమి వచ్చినదో వచ్చినట్లు వ్రాయుట, ఏల వచ్చినదని ఒకమారు అడుగుట నేర్పినచో చాలును. పెర్కిన్‌కు భోజనవేళ దొరికిన పాఠము అదియే.